రివర్టా, రీబేసా? పుష్ చేసేశాక ఏది మేలు?

ఇది గిట్ సంగతి, అంటే కోడ్‌లో చేసిన మార్పుల చరిత్రని దాచే సాధనం. దాచిన ఒక్కో మార్పు ఒక కమిట్, కమిట్ల వరస ఒక బ్రాంచ్, టీమ్ అందరి ఉమ్మడి కాపీ రిమోట్, అక్కడికి కమిట్లు పంపడం పుష్. పంపేశాక తప్పు కనబడితే రివర్ట్ చేయాలా, రీబేస్ చేయాలా అన్నదే ప్రశ్న.

విశాఖపట్నంలో రుషికొండ ఐటీ హిల్ మీద పనిచేసే రోజుల్లో, ఒక శుక్రవారం సాయంత్రం మా టీమ్‌లో ఒకమ్మాయి రెండు రోజుల పని రిమోట్‌లో లేకుండా పోయింది. పోగొట్టింది నేనే. నా కమిట్లు చక్కబెడదామని రీబేస్ చేసి, అంటే వాటిని కొత్తగా తిరగరాసి, ఇద్దరం వాడుతున్న బ్రాంచ్ మీదికి ఫోర్స్ పుష్ (రిమోట్‌లో ఉన్నదాన్ని తోసేసి మనది పెట్టే పుష్) కొట్టాను. ఆ మధ్యలో ఆమె పుష్ చేసిందని చూసుకోలేదు. ఆమేమో పుల్‌లో (రిమోట్‌లోవి తెచ్చి కలుపుకోవడంలో) గొడవ వచ్చేసరికి తప్పు తనదే అనుకుని, హార్డ్ రీసెట్ చేసి తన కాపీని రిమోట్‌లో ఉన్నట్టే మార్చేసింది. "అన్నా, నా కమిట్లు కనబడట్లేదు" అని ఫోన్ చేసేటప్పటికి మధురవాడలో రూముకి చేరిపోయింది. లాప్‌టాప్ పట్టుకుని మళ్ళీ కొండెక్కింది. బ్రాంచ్ ఎప్పుడు ఏ కమిట్ మీద ఉందో గిట్ ప్రతి మెషీన్‌లో రాసుకునే చిట్టా రీఫ్లాగ్. ఆమె రీఫ్లాగ్‌లో పాత కమిట్ హాష్ (దాని గుర్తింపు కోడ్) దొరికింది కాబట్టి బయటపడ్డాం. ఏ బ్రాంచ్‌కీ అందని కమిట్ల ఆనవాలు రీఫ్లాగ్‌లో మామూలుగా 30 రోజులే ఉంటుంది.

అప్పట్నుంచి నేను అడిగే ప్రశ్న ఒకటే: ఈ కమిట్ నా మెషీన్ దాటి ఇంకెవరి చేతికైనా వెళ్ళిందా?

వెళ్ళి ఉంటే రివర్టే మేలు. పూర్ణా మార్కెట్ కొట్లలో గుమస్తా తప్పు పద్దు రాస్తే పేజీ చింపడు, ఎదురు పద్దు వేస్తాడు. రివర్ట్ చేసేదీ అదే. పాత కమిట్ అలాగే ఉంటుంది, దాన్ని రద్దుచేసే కొత్త కమిట్ పైన చేరుతుంది. ఎవరి కాపీ చెదరదు. హిస్టరీ కాస్త పొడవవుతుంది, అవనివ్వండి. ఒక్కచోట మాత్రం జాగ్రత్త: మెర్జ్‌ని (ఒక బ్రాంచ్‌ని ఇంకోదానిలో కలిపినదాన్ని) రివర్ట్ చేశాక అదే బ్రాంచ్‌ని మళ్ళీ మెర్జ్ చేస్తే పాత మార్పులు తిరిగిరావు. ముందు ఆ రివర్ట్‌ని రివర్ట్ చేయాలి.

ఇంకా మీ దగ్గరే ఉంటే హాయిగా రీబేస్ చేయండి. రివ్యూ చేసేవాళ్ళకి పది అతుకుల కమిట్ల కన్నా మూడు శుభ్రమైనవి చదవడం తేలిక. కానీ ప్రతి కమిట్ హాష్‌లో దాని ముందు కమిట్ హాష్ కూడా కలిసి ఉంటుంది. ఒకటి మారితే తర్వాతవన్నీ మారతాయి. అవతలివాళ్ళ కాపీతో పొత్తు కుదరనిది అందుకే.

మీ ఒక్కరి బ్రాంచే, పుష్ కూడా అయిపోయింది అనుకోండి. అప్పుడు ఉత్త ఫోర్స్ వద్దు, ఫోర్స్ విత్ లీజ్ వాడండి. మీరు ఆఖరిసారి చూసిన చోటే రిమోట్ ఉంటేనే రాస్తుంది, లేకపోతే ఆపేస్తుంది. ఆ రోజు నేను ఇది వాడి ఉంటే ఆమె పని పోయేది కాదు. అయితే ఎడిటర్ వెనకాల తనంతట తాను ఫెచ్ చేస్తుంటే (రిమోట్‌లో కొత్తవి దించుకుంటుంటే), మీరు చూడని కమిట్లు కూడా చూసినట్టే లెక్క, లీజ్ దాటిపోతుంది. గిట్ 2.30లో వచ్చిన ఫోర్స్ ఇఫ్ ఇంక్లూడ్స్‌ని కూడా జోడిస్తే ఆ సందు మూసుకుంటుంది.

పాస్‌వర్డో ఏపీఐ కీయో (ఒక సేవని వాడుకోడానికి ప్రోగ్రాంకి ఇచ్చే రహస్య కోడ్) పొరపాటున పుష్ అయితే రివర్ట్ పనికిరాదు, పాత కమిట్‌లో అది అలాగే కనబడుతుంది. ముందు ఆ కీని రద్దుచేసి కొత్తది తీసుకోండి, హిస్టరీ సంగతి తర్వాత. హిస్టరీ మొత్తం నుంచి దాన్ని కడగడానికి ఫిల్టర్ బ్రాంచ్ అనే ఆదేశం కన్నా ఫిల్టర్ రెపో అనే సాధనం మేలు, గిట్ సొంత డాక్యుమెంటేషన్ చెప్పేదీ అదే. కడిగాక టీమ్ మొత్తం కొత్తగా క్లోన్ చేసుకోవాలి, అంటే రిమోట్ నుంచి మొత్తం కాపీ మళ్ళీ దించుకోవాలి. పాత క్లోన్ నుంచి ఒక్కరు మెర్జ్ చేసి పుష్ చేసినా ఆ కీ మళ్ళీ వచ్చి కూర్చుంటుంది.