రైఫిల్ తన్ను తగ్గాలంటే ఏది మేలు: బరువా, మజిల్ బ్రేకా, ప్యాడా?

రైఫిల్ భుజాన్ని గట్టిగా తంతోందంటే చాలామంది చూపు ముందు మజిల్ బ్రేక్ (గొట్టం మూతికి బిగించే, రంధ్రాలున్న చిన్న భాగం) మీదే పడుతుంది. కొనే ముందు ఒక్కసారి లెక్క వేసుకుంటే డబ్బు ఎక్కడ పెట్టాలో తేలిపోతుంది.

తన్ను రెండు చోట్ల నుంచి పుడుతుంది. ఒకటి ముందుకు దూసుకెళ్లే తూటా, రెండోది దాని వెనకే గొట్టంలోంచి బయటపడే, తుపాకి మందు మండగా వచ్చిన వాయువు. తూటా బరువును దాని వేగంతో గుణించండి. మందు బరువును వాయువు వేగంతో గుణించండి. హై పవర్ రైఫిళ్లకు వాయువు వేగాన్ని తూటా వేగానికి 1.75 రెట్లుగా తీసుకోవడం వాడుక. ఈ రెండింటి మొత్తమే ద్రవ్యవేగం. దాన్ని రైఫిల్ బరువుతో భాగిస్తే రైఫిల్ వెనక్కి వచ్చే వేగం వస్తుంది. ద్రవ్యవేగం వర్గాన్ని రైఫిల్ బరువుకు రెట్టింపుతో భాగిస్తే శక్తి జూళ్లలో వస్తుంది. బరువులన్నీ కిలోల్లో, వేగాలు సెకనుకు మీటర్లలో ఉండాలి. గ్రాములను కిలోలు చేయడం మరిచిపోతే జవాబు ఎక్కడికో పోతుంది.

.308 విన్‌చెస్టర్ కార్ట్రిడ్జ్‌ని (తూటా, మందు, వాటిని పట్టి ఉంచే లోహపు కేసు కలిసినది) చూద్దాం. 9.7 గ్రాముల తూటా, 860 మీ/సె వేగం, 2.9 గ్రాముల మందు, స్కోప్‌తో కలిపి 3.6 కిలోల రైఫిల్. తూటా వాటా సుమారు 8.3, వాయువు వాటా 4.4, మొత్తం 12.7 దాకా. రైఫిల్ సెకనుకు 3.5 మీటర్ల వేగంతో వెనక్కి వస్తుంది, శక్తి 22.4 జూళ్లు. అదే బరువున్న రైఫిల్‌లో .300 విన్‌చెస్టర్ మాగ్నం వాడితే (11.7 గ్రాములు, 900 మీ/సె, 4.5 గ్రాముల మందు) శక్తి 43 జూళ్లకు చేరుతుంది. తూటా బరువు ఐదో వంతే పెరిగినా తన్ను దాదాపు రెట్టింపైంది. మందు కూడా పెరిగింది, పైగా ద్రవ్యవేగాన్ని వర్గం చేస్తున్నాం కదా మరి.

కార్ట్రిడ్జ్‌ల పెట్టె మీద తూటా బరువు గ్రెయిన్లలో ఉంటే 15.43తో భాగిస్తే గ్రాములు వస్తాయి. వేగం అడుగుల్లో ఉంటే 0.3048తో గుణించాలి. మందు బరువు పెట్టె మీద ఉండదు. నిండు కార్ట్రిడ్జ్ బరువులోంచి తూటా బరువును, అదే పెట్టెలోని కాల్చిన ఖాళీ కేసు బరువును తీసేస్తే మిగిలేది దాదాపు మందే. కేసుకీ కేసుకీ బరువు కాస్త తేడా ఉంటుంది కాబట్టి ఐదారింటిని తూచి సగటు తీసుకోవాలి. పెట్టె మీది వేగం సాధారణంగా పొడవైన పరీక్ష గొట్టంతో కొలిచింది. మీ గొట్టం పొట్టిదైతే అసలు వేగం అంతకన్నా తక్కువే ఉంటుంది. తూటా వేగాన్ని కొలిచే క్రోనోగ్రాఫ్ ఉంటే ఈ గొడవే లేదు.

ఇక పోలికకు వద్దాం. 3.6 కిలోల .308 రైఫిల్‌ను 4.5 కిలోలు చేస్తే శక్తి 22.4 నుంచి 18 జూళ్లకు దిగుతుంది. నాలుగో వంతు బరువు కలిపితే ఐదో వంతు తగ్గిందన్నమాట. బెంచ్ మీద కాల్చేవారికి ఇంతకన్నా నమ్మకమైన దారి లేదు. భుజాన వేసుకుని కొండలెక్కేవారికి మాత్రం అదే శిక్ష. బరువంతా బట్‌లో (భుజానికి ఆనే వెనక భాగంలో) కూరితే ముందు భాగం తేలికై గురి ఊగుతుంది. బరువైన గొట్టం వేస్తే ఆ సమస్య రాదు.

బ్రేక్ తూటా వాటాను ముట్టుకోలేదు, వాయువు వాటానే పక్కలకీ వెనక్కీ మళ్లిస్తుంది. .308లో ఆ వాటా మూడో వంతు, మాగ్నంలో 40 శాతం. సగం వాయువును అడ్డుకున్నా .308 శక్తి 15.4 జూళ్లకు, మాగ్నం శక్తి 27.5 జూళ్లకు పడిపోతుంది. కాగితం మీద గెలుపు దీనిదే. మందు ఎంత ఎక్కువైతే బ్రేక్ అంత బాగా పనిచేస్తుంది. .22 రిమ్‌ఫైర్ మీద మాత్రం అది అలంకారమే. దీనికి మూల్యం చెవులు చెల్లిస్తాయి. రైఫిల్ మోతే 150 డెసిబెల్స్ దాటుతుంది, బ్రేక్ దాన్ని కాల్చేవారి వైపూ పక్కవారి వైపూ తిప్పుతుంది. చెవిలో ప్లగ్, పైన మఫ్ రెండూ ఉండాల్సిందే. బోర్లా పడుకుని కాలిస్తే దుమ్ము కళ్లకు కమ్ముతుంది. బిగించాక గురి మారుతుంది, మళ్లీ జీరో చేసుకోవాలి (స్కోప్ గురిని తూటా తగిలే చోటుకు సరిచేసుకోవాలి). బ్రేక్ రంధ్రం గొట్టంతో ఒకే సరళరేఖలో లేకపోతే తూటా దాని అంచును తాకుతుంది. అలాంటి పనిని గన్‌స్మిత్‌కే వదిలేయడం మంచిది.

బట్ చివర వేసే మెత్తటి ప్యాడ్ శక్తిని ఒక్క జూల్ కూడా తగ్గించదు, ఆగే దూరాన్ని పెంచుతుంది. ముతక లెక్కలో 22.4 జూళ్లను 2 సెంటీమీటర్లలో ఆపితే సగటు బలం 1,120 న్యూటన్లు, 3 సెంటీమీటర్లలో ఆపితే 750. భుజానికి తెలిసేది ఈ తేడానే. అందుకే చవకైన ఈ మార్పును ముందు చేయమంటాను. మందపాటి ప్యాడ్ వేస్తే బట్ పొడుగవుతుంది, స్టాక్‌ను (గొట్టాన్ని పట్టి ఉంచి, వెనక బట్‌గా ముగిసే భాగాన్ని) ఆ మేరకు కోయించాలి. లేకపోతే కన్ను స్కోప్‌కు సరైన దూరంలో కుదరదు. కన్నును స్కోప్‌కు మరీ దగ్గరికి చేర్చి కాలిస్తే స్కోప్ అంచు కనుబొమను చీలుస్తుంది.

తేలిక తూటా, తక్కువ వేగం ఉన్న ఫ్యాక్టరీ కార్ట్రిడ్జ్‌లు కొనడం మరో దారి. 8.1 గ్రాముల తూటా, 760 మీ/సె, 2.4 గ్రాముల మందు అయితే అదే రైఫిల్‌లో శక్తి 12 జూళ్లే. సాధన కోసమైతే నా ఓటు దీనికే. చేత్తో కార్ట్రిడ్జ్‌లు నింపుకునేవారు మాత్రం మందును ఇష్టమొచ్చినట్టు తగ్గించకూడదు. నెమ్మదిగా మండే మందు కేసులో మరీ తక్కువగా ఉంటే పీడనం ఊహించని స్థాయికి ఎగబాకి రైఫిల్ పగిలే ప్రమాదం ఉంది. మందు తయారీదారు ఇచ్చిన పట్టికలోని కనిష్ఠ పరిమాణం కన్నా కిందికి దిగకూడదు.