తీన్మార్ వార్తలు: ఏళ్లుగా చూస్తున్న ప్రేక్షకుడి సమీక్ష

వీ6 ఛానెల్ 2012లో వచ్చింది. తెలంగాణ ఉద్యమం మంచి వేడి మీదున్న రోజులు. అందులో రోజూ వార్తల్ని వెటకారంగా చెప్పే తీన్మార్ వార్తలు కార్యక్రమం మా ఇంట్లోవాళ్లకు ఎక్కింది ముందు యాస వల్ల, ఆ తర్వాతే వెటకారం వల్ల. అప్పటిదాకా తెర మీద తెలంగాణ మాట వినబడిందంటే చాలాసార్లు సినిమాలో రౌడీ నోటనో కమెడియన్ నోటనో. వార్తలు చెప్పే మనిషే మా మాట మాట్లాడేసరికి, ఏ వార్తా చూడని మా అమ్మ కూడా అన్నం గిన్నె పట్టుకుని టీవీ ముందు కూర్చోవడం మొదలుపెట్టింది. ఈ కార్యక్రమం రాజకీయాల మీద చూపిన ప్రభావంలో నాకు అన్నిటికంటే పెద్దదిగా కనబడేది ఇదే: రాజకీయం తమకు సంబంధించిన ముచ్చట కాదనుకున్నవాళ్లను తెచ్చి అందులో కూర్చోబెట్టింది.

బిత్తిరి సత్తి, సావిత్రి అనే పేర్లతో ఇద్దరు జంటగా చేసిన రోజులు దీనికి స్వర్ణయుగం. సత్తి ఏమీ తెలియని అమాయకుడిలా అడుగుతాడు, ఆ ప్రశ్నలో సర్కారు హామీ బయటికొస్తుంది. డబుల్ బెడ్‌రూం ఇల్లు ఎప్పుడొస్తదని ప్రతిపక్ష నాయకుడు అడిగితే అది రాజకీయం, సత్తి అడిగితే మా పక్కింటి మల్లవ్వ అడిగినట్టే ఉండేది. 2019లో ఇద్దరూ ఈ కార్యక్రమం వదిలి వెళ్లారు. కార్యక్రమం ఆగలేదు, కొత్త ముఖాలు వచ్చాయి, బాగానే చేస్తున్నారు. కానీ ఆ జంటకున్న తూకం మళ్లీ కుదరలేదని నా అభిప్రాయం.

మాది జగిత్యాల వైపు ఊరు, వరే ప్రధానం. యాసంగి వడ్లు కల్లంలో పోసిన రోజుల్లో ఈ వార్తలు ఊళ్లో ఎట్లా పనిచేస్తాయో దగ్గరినుంచి చూశాను. కొనుగోలు కేంద్రంలో నలభై కిలోల బస్తాకు తరుగు పేరుతో కిలోలకు కిలోలు కోస్తుంటే రైతులు గొణుక్కుంటారు తప్ప గట్టిగా అడగరు. కాంటా పెట్టేవాడితో రేపు కూడా పనుంటుందన్న జంకు. తరుగు మీద తీన్మార్‌లో ముచ్చట వచ్చిన మర్నాడు మా బాపు, మరో ఇద్దరు కేంద్రం దగ్గర నిలబడి, నవ్వుతూనే, "నిన్న టీవీల చూపెట్టిండ్రు గదనే, గా కోత గిదేనా?" అని అడిగారు. అదే మాట కోపంగా అడిగితే కొట్లాట అయ్యేది. నవ్వుతూ అడిగితే అవతలివాడికీ జవాబు చెప్పక తప్పలేదు. అడగడానికి ధైర్యం వచ్చింది, ఆ ధైర్యం టీవీ నుంచే వచ్చింది. దీన్ని నేను చిన్న విషయమనుకోను.

మరి ఓట్ల సంగతి? తీన్మార్ చూసి జనం ఓటు మార్చుకుంటారని అనేవాళ్లతో నేను ఏకీభవించను. 2014లో 63 సీట్లతో గెలిచిన టీఆర్ఎస్, నాలుగేళ్లు హామీల మీద ఇంత నవ్వులాట నడిచాక కూడా 2018లో 119కి 88 గెలిచింది. సత్తి మాటలకు పడీ పడీ నవ్విన మా ఊరివాళ్లే రైతుబంధు చూసి కారుకు గుద్దారు. 2023లో అదే పార్టీ 39కి పడిపోయింది. దానికి మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగడం, పబ్లిక్ సర్వీస్ కమిషన్ ప్రశ్నపత్రాల లీకేజీ, నిరుద్యోగుల కోపం, ఇట్లా చాలా ఉన్నాయి. ఆ కోపానికి మాటలందించిన పని మాత్రం తీన్మార్ చేసింది.

ఇక్కడ ఒకటి చెప్పి తీరాలి. 2019 తర్వాత కేసీఆర్ ప్రభుత్వం మీద వెటకారం వాడి పెరిగినట్టు నాకు స్పష్టంగా అనిపించింది. ఛానెల్ వివేక్ వెంకటస్వామి కుటుంబానిది. ఆయన ఆ ఏడాది టీఆర్ఎస్ వదిలి బీజేపీలో చేరారు, 2023లో కాంగ్రెస్‌కు వచ్చారు, 2025లో మంత్రి అయ్యారు. ఈ వరుస మనసులో పెట్టుకుని చూడండి. ఈరోజు ఎవరి మీద నవ్విస్తున్నారన్నది ఎట్లాగూ కనబడుతుంది, ఎవరి మీద నవ్వించడం లేదో కూడా గమనించండి. మామూలు వార్తలో పక్షపాతం వెంటనే పట్టేస్తాం. నవ్వుతున్నప్పుడు పట్టుకోవడం కష్టం.

వెటకారం చేయి జారితే ఏమవుతుందో 2014 జూన్‌లో చూశాం. టీవీ9 బుల్లెట్ న్యూస్‌లో తెలంగాణ కొత్త ఎమ్మెల్యేల మీద చేసిన ఎగతాళి ఇక్కడి మనుషుల మీదే చేసినట్టు అనిపించింది. నాకూ ఒళ్లు మండింది. ఛానెల్ క్షమాపణ చెప్పింది. అయినా కేబుల్ ఆపరేటర్లు నెలల తరబడి దాన్ని ఆపేయడం పూర్తిగా తప్పు. నచ్చని ఛానెల్ మార్చుకోవడానికి మా చేతిలో రిమోట్ ఉంది.

తీన్మార్ మల్లన్న ప్రయాణం ఇంకో కోణం. ఈ కార్యక్రమంతోనే ఇంటింటికీ తెలిసిన ముఖం. తర్వాత సొంత యూట్యూబ్ ఛానెల్ నడిపి, 2021లో నల్గొండ, వరంగల్, ఖమ్మం పట్టభద్రుల ఎమ్మెల్సీ స్థానంలో స్వతంత్రుడిగా రెండో స్థానంలో నిలిచారు. ఉద్యమానికి పెద్దదిక్కైన కోదండరాం మూడో స్థానానికి వెళ్లారు. 2024లో అదే స్థానానికి జరిగిన ఉపఎన్నికలో మల్లన్న కాంగ్రెస్ తరఫున గెలిచారు. అంటే వెటకారం వినేవాళ్ల అభిప్రాయాలను మార్చినదానికంటే, చెప్పేవాడికి రాజకీయ పలుకుబడి తెచ్చిందే ఎక్కువ. మల్లన్నను తప్పుపట్టడానికి ఇది రాయలేదు. నవ్వించినవాడు రేపు ఓటడగొచ్చని ప్రేక్షకుడికి తెలిసుండాలి, అంతే.

యూట్యూబ్ ముక్కలు నాకు నచ్చవు. రెండు నిమిషాలు కత్తిరించి వాట్సాప్‌లో తిప్పితే ముందూ వెనకా తెలియకుండా పోతుంది. మొత్తం చూడండి.

నా ముఖ్యమైన అసంతృప్తి వేరే ఉంది. అమెరికాలో వార్తల మీద వెటకారం చేసే డైలీ షో అనే టీవీ కార్యక్రమం మీద బామ్‌గార్ట్‌నర్, మోరిస్ అనే పరిశోధకులు 2006లో ఒక అధ్యయనం ప్రచురించారు. అది చూసిన కుర్రవాళ్లకు అభ్యర్థుల మీద, ఎన్నికల వ్యవస్థ మీద నమ్మకం తగ్గిందనీ, రాజకీయం తమకు అర్థమవుతుందన్న ధీమా పెరిగిందనీ తేల్చారు. మా ఇంట్లో జరిగింది అచ్చం ఇదే. "అందరు దొంగలే బిడ్డా" అని మా అమ్మ ఇప్పుడు ధీమాగా అంటుంది, ఎవరేం చేశారో మాత్రం చెప్పలేకపోతుంది. అదే అమెరికాలో స్టీఫెన్ కోల్బేర్ అనే టీవీ కమెడియన్ తానే ఒక సూపర్ ప్యాక్ (ఎన్నికల కోసం పరిమితి లేకుండా చందాలు పోగుచేసే సంస్థ) పెట్టి, ఎన్నికల చందాల చట్టంలో లొసుగులెక్కడున్నాయో నవ్విస్తూనే విప్పిచూపాడు. ఆ విషయంలో మామూలు వార్తలు చూసినవాళ్లకంటే అతని ప్రేక్షకులే ఎక్కువ తెలుసుకున్నారని పెన్సిల్వేనియా యూనివర్సిటీలోని అన్నెన్‌బర్గ్ కేంద్రం పరిశోధకులు తేల్చారు.

తీన్మార్ బృందానికి ఆ సత్తా ఉంది, యాస ఉంది, ఊరి నమ్మకం ఉంది. తరుగు మీద నవ్వించాక ఒక్క నిమిషం ఆగి, వడ్లలో తేమ 17 శాతం దాటకపోతే కొనాల్సిందేనని, కోత కోస్తే పౌర సరఫరాల శాఖలో ఎవరికి ఫిర్యాదు చేయాలో, తూకం రసీదు ఎందుకు అడిగి తీసుకోవాలో అదే మాటలో చెప్పమనండి. రోజూ రాత్రి ఆ ఒక్క నిమిషం కోసమైనా నేను చూస్తాను.