పదహారు పఫ్‌ల లెక్క: మంచు ట్రాక్ మీద సాల్బుటమాల్ ఇన్‌హేలర్

నీలం రంగు ప్లాస్టిక్ తొడుగు, లోపల అల్యూమినియం డబ్బా, అందులో 200 పఫ్‌లు, ఒక్కో పఫ్‌లో 100 మైక్రోగ్రాముల సాల్బుటమాల్. ఉబ్బసం ఉన్నవాళ్ల జేబుల్లో ఉండే మామూలు వస్తువే. మంచు మీద స్కీలతో కిలోమీటర్ల కొద్దీ పరుగెత్తే క్రాస్ కంట్రీ స్కీయింగ్‌లో మాత్రం దీని చుట్టూ ఏళ్ల తరబడి గొడవ నడుస్తోంది. ఇక్కడ చూసేది రెండు సంగతులు. ఎముకలు కొరికే చలిలో రేసు చేసేవాళ్లకు ఈ పరికరం ఎంతవరకు పనికొస్తుంది, దీన్ని పట్టుకుని వచ్చిన మోసం ఆరోపణల్లో పస ఎంత. ముందే చెప్పేస్తే ఇన్‌హేలర్ పాస్, అదే మందును ఆవిరిలా మార్చి మాస్కు ద్వారా పీల్పించే నెబ్యులైజర్ ఫెయిల్. రెండింటినీ ఒకే గాటన కట్టడం వల్లే సగం రచ్చ.

"ఉబ్బసం ఉన్నవాళ్లు ప్రపంచ చాంపియన్లు ఎలా అవుతారు?" అని అడిగేవాళ్లు ప్రశ్నను తలకిందులుగా వేస్తున్నారు. చాలామంది స్కీయర్లకు ఈ జబ్బు ఆ ఆట వల్లే వస్తుంది. ఊరికే కూర్చున్న మనిషి నిమిషానికి ఆరేడు లీటర్ల గాలి పీలుస్తాడు. పోటీ వేగంలో ఉన్న మేటి స్కీయర్ 150 లీటర్లు దాటిస్తాడు, బలమైన మగవాళ్లయితే 200 లీటర్ల పైకి కూడా వెళ్తారు. అంత గాలి ముక్కుతో పనికాదు, నోరు తెరవాల్సిందే. మైనస్ 10 డిగ్రీల గాలిలో ఘనపు మీటరుకు రెండు గ్రాముల పైచిలుకు నీటి ఆవిరి మాత్రమే పడుతుంది. ఊపిరితిత్తుల దాకా చేరేసరికి అదే గాలి 37 డిగ్రీలకు వేడెక్కి 44 గ్రాముల తేమ కోరుతుంది. ఆ తేడా అంతా శ్వాసనాళాల లోపలి పల్చటి తడి పొర నుంచే పోవాలి. పొర ఎండుతుంది, అందులోని లవణాలు చిక్కబడతాయి, అక్కడి మాస్ట్ కణాలనే రోగనిరోధక కణాలు హిస్టమిన్, ల్యూకోట్రైన్‌లు అనే వాపు రసాయనాలు వదులుతాయి, నాళాల చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది. రేసు ముగిసిన ఐదు పది నిమిషాలకు దగ్గు, పిల్లికూతలు మొదలవుతాయి. ఏళ్ల తరబడి ఇలా ఎండితే లోపలి పొర దెబ్బతిని, నాళాలు చిన్నదానికే బిగుసుకునే స్థితికి వస్తాయి. ఈతగాళ్లకు క్లోరిన్ చేసే పని ఇక్కడ చలి చేస్తుంది. ట్రాక్‌లో అత్యంత చల్లని చోట మైనస్ 20 కన్నా తగ్గితే పోటీని వాయిదా వేయడమో రద్దు చేయడమో చేయాలని అంతర్జాతీయ స్కీ సమాఖ్య ఫిస్ నిబంధన పెట్టుకుంది. కానీ మైనస్ 15లో రేసులు మామూలే, ఊపిరితిత్తులకు అది కూడా తక్కువ శిక్షేం కాదు.

ఇక పరికరం సంగతి. సాల్బుటమాల్ ఆ బిగిసిన కండరాన్ని సడలిస్తుంది. ఐదు నిమిషాల్లో పని మొదలుపెడుతుంది, నాలుగైదు గంటలు నిలుస్తుంది. పరుగుకు 10, 15 నిమిషాల ముందు రెండు పఫ్‌లు అనేది మామూలు పద్ధతి. మగవాళ్ల 50 కిలోమీటర్ల రేసు సుమారు రెండు గంటల పని కాబట్టి మధ్యలో మళ్లీ తీసుకోవాల్సిన అవసరం రాదు. ఈ విషయంలో దీనికి పేరు పెట్టడానికి లేదు.

పేరు పెట్టాల్సింది చలిలో దీని ప్రవర్తనకు. డబ్బాలో మందును బయటికి నెట్టేది హెచ్‌ఎఫ్‌ఏ 134ఎ అనే వాయువు. దాని మరుగు స్థానం మైనస్ 26 డిగ్రీలు. 20 డిగ్రీల గదిలో డబ్బా లోపలి పీడనం బయటి వాతావరణ పీడనానికి ఐదున్నర రెట్లకు పైగా ఉంటుంది. అదే మైనస్ 20 దగ్గర 1.3 రెట్లకు పడిపోతుంది. అంటే నెట్టే శక్తి దాదాపు లేనట్టే. నొక్కినప్పుడు "ఫస్" మనే పదును పోయి నీరసంగా చీదినట్టు వస్తుంది, తుంపర్లు లావెక్కి నాలుక మీద, గొంతులో అంటుకుంటాయి. వాడినవాళ్లు పఫ్ తీసుకున్నామనుకుంటారు, ఊపిరితిత్తులకు చేరింది అంతంత మాత్రం. స్కీ బ్యాగు పైజేబులో, జాకెట్ బయటి జేబులో పెట్టుకునేవాళ్లందరికీ ఇదే గతి. లోపలి చొక్కాకు, ఒంటికి మధ్య ఉంచాలి. అప్పటికే గడ్డకట్టినట్టుంటే డబ్బాను తొడుగులోంచి తీసి అరచేతుల్లో కొన్ని నిమిషాలు పట్టుకుంటే చాలు. హీటర్ మీద, స్కీల అడుగున పూసే మైనం కరిగించే ఇస్త్రీపెట్టె పక్కన పెట్టకూడదు. అది ఒత్తిడిలో ఉన్న డబ్బా, పేలుతుంది.

వాడే పద్ధతిలో జరిగే తప్పులు ఎక్కడైనా ఒకటే. మందు ద్రవంలో కరిగి ఉండదు, పొడి రేణువులుగా తేలుతుంటుంది కాబట్టి ప్రతి పఫ్‌కూ ముందు బాగా కుదపాలి. ఐదు రోజులకు మించి వాడకపోతే రెండు పఫ్‌లు గాలిలోకి వదిలేయాలి. ఊపిరి మొత్తం బయటికి వదిలి, పెదాలు బిగించి, నెమ్మదిగా పీల్చడం మొదలయ్యాక డబ్బా నొక్కాలి. నొక్కాక పీల్చడం కాదు. పది సెకన్లు ఊపిరి బిగపట్టి, రెండో పఫ్‌కు ముందు అరనిమిషం ఆగాలి. స్టార్టింగ్ గేటు దగ్గర తొందరలో టకటకా రెండుసార్లు నొక్కేవాళ్లు రెండో పఫ్‌ను వృథా చేస్తున్నట్టే. పద్ధతి సరిగ్గా ఉన్నా మందులో పదో వంతు నుంచి ఐదో వంతు దాకానే ఊపిరితిత్తులకు వెళ్తుంది. ఇన్‌హేలర్ మూతికి స్పేసర్ అనే ఖాళీ ప్లాస్టిక్ గొట్టం తగిలిస్తే గొంతులో అంటుకునేది బాగా తగ్గుతుంది. దుస్తులు మార్చుకునే గదిలో అది వాడకపోవడానికి కారణం కనపడదు, చిన్నపిల్లల సామానులా ఉంటుందన్న నామోషీ తప్ప. ప్లాస్టిక్ తొడుగును వారానికోసారి గోరువెచ్చని నీళ్లతో కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. లేకపోతే సన్నని రంధ్రం చుట్టూ తెల్లటి పొడి పేరుకుని ధార పక్కకు పోతుంది. డబ్బాను మాత్రం నీళ్లలో ముంచకూడదు.

ఇంకో లోపం దీర్ఘకాలంలో బయటపడుతుంది. రోజూ ప్రాక్టీసుకు ముందు వాడుతూ పోతే రక్షణ పలచబడుతుంది. బిగుసుకున్న కండరాన్ని ఇది వదులు చేస్తుందే గానీ లోపలి వాపును ముట్టుకోదు. వాపుకు స్టెరాయిడ్ ఇన్‌హేలర్ కావాలి. పీల్చే స్టెరాయిడ్ మీద నిషేధం లేదు. నిషేధం ఉన్నది పోటీ సమయంలో మాత్రలుగా, ఇంజెక్షన్లుగా తీసుకునేవాటికి. ఏడాదికి మూడు నీలం డబ్బాలు ఖాళీ అవుతున్నాయంటే జబ్బు అదుపులో లేదని లెక్క, రేసులు గెలుస్తున్నా సరే.

ఇప్పుడు గొడవకు అసలు మూలమైన లెక్క. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడా నియమం ప్రకారం పీల్చే సాల్బుటమాల్ 24 గంటల్లో 1,600 మైక్రోగ్రాములు దాటకూడదు. ఏ డోసు నుంచి లెక్కపెట్టినా 8 గంటల్లో 600 దాటకూడదు. పఫ్‌లలోకి మారిస్తే రోజుకు 16, ఎనిమిది గంటలకు 6. ఉదయం 8కి ఆరు, సాయంత్రం 4కి ఆరు తీసుకుంటే అర్ధరాత్రికి మిగిలేది నాలుగే, ఆరు కాదు. చాలామంది తడబడేది ఈ మూడో విడతలోనే. అమెరికాలో ఇదే మందు ఆల్బ్యుటెరాల్ పేరుతో, లేబుల్ మీద 90 మైక్రోగ్రాములుగా అమ్ముతారు కాబట్టి అక్కడి డబ్బా కొన్నవాళ్లు లెక్క మళ్లీ వేసుకోవాలి. మూత్రంలో మిల్లీలీటరుకు 1,000 నానోగ్రాములు దాటితే వైద్యం కోసం వాడినట్టు కాదని అనుమానిస్తారు. కొలతలో తేడాలకు చోటిచ్చి చర్యకు గీత 1,200 దగ్గర గీశారు. తాను అనుమతించిన మోతాదే తీసుకున్నానని ఆటగాడు పర్యవేక్షణలో చేసిన పరీక్షతో నిరూపించుకోవాలి. నీరసించి, నీళ్లు తాగక మూత్రం చిక్కబడితే అంకె పెరుగుతుంది, ఇప్పుడు సాంద్రతను బట్టి దాన్ని సర్దుతున్నారు.

నెబ్యులైజర్‌కు ఫెయిల్ మార్కు ఎందుకో ఈ లెక్కలోనే ఉంది. నెబ్యులైజర్‌లో పోసే చిన్న ప్లాస్టిక్ గొట్టంలో 2.5 మిల్లీగ్రాములో 5 మిల్లీగ్రాములో ఉంటుంది. 2.5 మిల్లీగ్రాములంటే 2,500 మైక్రోగ్రాములు, 25 పఫ్‌లతో సమానం. రోజు మొత్తం కోటా ఒక్క గొట్టంతోనే దాటిపోయింది. నార్వే స్కీయర్ మార్టిన్ జాన్స్‌రుడ్ సుండ్‌బీ విషయంలో జరిగింది ఇదే. ఆయనకు ఉబ్బసం ఉంది, జట్టు వైద్యుల సలహాతోనే నెబ్యులైజర్ వాడాడు. లేబుల్ లెక్కన అది 15,000 మైక్రోగ్రాములు, అంటే 150 పఫ్‌లు. 2014 డిసెంబరులో దావోస్‌లో, 2015 జనవరిలో టోబ్లాక్‌లో ఇచ్చిన నమూనాలు రెండూ గీత దాటాయి. ఊపిరితిత్తులకు చేరేది అందులో కొంచెమే కాబట్టి పరిమితిలోనే ఉన్నామన్నది ఆయన పక్షం వాదన. ఫిస్ కమిటీ ఒప్పుకుని వదిలేసింది. వాడా అప్పీలుకు వెళ్లింది. పరిమితి లేబుల్ మోతాదుకే వర్తిస్తుందని క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం కాస్ 2016 జులైలో తేల్చింది. తప్పు చిన్నదేనని రెండు నెలల నిషేధంతో సరిపెట్టింది గానీ, 2014-15 ప్రపంచ కప్, ఆ సీజన్‌లో వరుస రేసులతో సాగే టూర్ డి స్కీ టైటిళ్లు పోయాయి.

సుండ్‌బీ వాదన పూర్తిగా తీసిపారేసేది కాదు. నెబ్యులైజర్ మందులో చాలాభాగం గాల్లో, మాస్కులో, గొట్టంలో పోతుందన్నది నిజమే. కానీ అదే తర్కం పఫ్‌కూ వర్తిస్తుంది కదా. ఎంత చేరిందో ఎవరికి వారు ఊహించుకుంటే పరిమితికి అర్థమే ఉండదు. నెబ్యులైజర్ ఆసుపత్రి సామాను. తీవ్రంగా ఆయాసం వచ్చి ఊపిరి అందని రోగికి అది ప్రాణం పోస్తుంది. అంత ఆయాసం ఉన్న మనిషి నంబరు బిబ్ తగిలించుకుని గేటు దగ్గర నిలబడాల్సిన పనేముంది?

ఇక గెలుపుకు ఇది సాయం చేస్తుందా అన్న ప్రశ్న. 2010 వాంకూవర్ ఒలింపిక్స్‌లో పోలండ్ స్కీయర్ యుస్తినా కొవాల్చిక్, తన ప్రత్యర్థి అయిన నార్వే స్కీయర్ మారిత్ బ్యోర్గెన్ వాడే ఉబ్బసం మందుల మీద బహిరంగంగానే విరుచుకుపడింది. బ్యోర్గెన్ వాడింది వైద్య అవసరానికి ఇచ్చే అనుమతి పత్రంతోనే. అప్పట్లో సాల్బుటమాల్ లాగే నాళాలను సడలించి ఎక్కువసేపు పనిచేసే ఫోర్మోటెరాల్‌కు ఆ పత్రం తప్పనిసరి. 2012 నుంచి పరిమితి లోపల పత్రం అక్కర్లేదు. ఆరోగ్యవంతుల మీద చేసిన పరీక్షల్లో మామూలు మోతాదులో పీల్చిన సాల్బుటమాల్ ఓర్పు పోటీల్లో చెప్పుకోదగ్గ లాభం చూపలేదు. తెరుచుకునే ఉన్న నాళాన్ని ఇంకా తెరవలేం. పైగా చేతుల వణుకు, గుండెదడ, రక్తంలో పొటాషియం తగ్గడం అదనం. కండరానికి పదును పెట్టే ప్రభావం పెద్ద మోతాదుల్లో, అందులోనూ మాత్రల రూపంలో కనపడుతుంది. అది కూడా తక్కువసేపు బలంగా చేసే పనుల్లో. కాబట్టి 50 కిలోమీటర్ల రేసు మీద అనుమానం కన్నా మూడు నిమిషాల స్ప్రింట్ మీద అనుమానానికి కొంచెం బలముంది. ఎనిమిది గంటల గీత సరిగ్గా ఇలాంటిచోటే పనికొస్తుంది.

2018 ప్యోంగ్‌చాంగ్ శీతాకాల ఒలింపిక్స్‌కు నార్వే జట్టు సుమారు 6,000 డోసుల ఉబ్బసం మందులు మోసుకెళ్లిందన్న వార్త ప్రపంచమంతా తిరిగింది. వినడానికి లారీడు మందులా ఉంటుంది. 200 పఫ్‌ల డబ్బాల లెక్కన అవి 30, ఒక మోస్తరు సంచీలో పడతాయి. అంకె చెప్పి డబ్బా చెప్పకపోతే ఇలాగే ఉంటుంది. నిలదీయాల్సిన సంగతి వేరే ఉంది. ఒక్కో ఆటగాడికి జబ్బు ఉన్నట్టు ఎలా తేల్చారు? పొడి గాలిని ఆరు నిమిషాలు గట్టిగా పీల్పించి, ఒక సెకనులో ఊదగలిగే గాలి 10 శాతం తగ్గిందో లేదో కొలిచే పరీక్ష ఉంది. అది చేసి రాసిస్తే అడగడానికేమీ లేదు. దగ్గుతున్నాడని డబ్బా చేతిలో పెడితే మాత్రం అనుమానించేవాళ్ల నోరు మూయించలేం.

బదులుగా ఏమున్నాయంటే, బుడెసొనైడ్ అనే స్టెరాయిడ్, ఫోర్మోటెరాల్ కలిపిన పొడి ఇన్‌హేలర్ నీలం డబ్బా కన్నా మెరుగైన వైద్యం, వాపునూ చూసుకుంటుంది. దీనికి నెట్టే వాయువు లేదు కాబట్టి పీడనం పడిపోయే బాధ లేదు. అయితే గట్టిగా, వేగంగా లాగాలి, లోపలికి ఊపిరి వదిలితే పొడి తేమ పట్టి ముద్దకడుతుంది. ఫోర్మోటెరాల్ పరిమితి రోజుకు 54 మైక్రోగ్రాములు, ఏ 12 గంటల్లోనూ 36. పీల్పుకు 4.5 అందించే రకమైతే రోజుకు 12 పీల్పులు, 12 గంటల్లో 8 అన్నమాట. రెండోది వేడిని, తేమను పట్టి ఉంచే మాస్కు. స్వీడన్‌లో ఎయిర్‌ట్రిమ్, లంగ్‌ప్లస్ లాంటివి చేస్తారు. వదిలిన ఊపిరిలోని తడిని పట్టి తర్వాతి ఊపిరికి తిరిగిస్తుంది. రేసులో ఊపిరికి అడ్డంగా తోస్తుంది గానీ, వార్మప్‌కు, రోజువారీ ప్రాక్టీసుకు ఇంతకన్నా చవకైన కాపలా లేదు. వార్మప్‌లో కొన్ని వేగపు విసుర్లు కలిపితే, కొంతమందికి గంటా రెండు గంటలపాటు నాళాలు బిగుసుకోవడమే తగ్గుతుంది, మందు లేకుండానే.

డోపింగ్ పరీక్ష ఫారంలో గత ఏడు రోజుల మందుల గడి ఉంటుంది. అక్కడ "ఇన్‌హేలర్" అని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టేవాళ్లే ఎక్కువ. మందు పేరు, పఫ్‌కు ఎన్ని మైక్రోగ్రాములు, ఎన్ని పఫ్‌లు, ఎన్ని గంటలకు అన్నీ రాయాలి. డబ్బా వెనక ఉన్న కౌంటర్ అంకెను ఉదయం, రాత్రి ఫోనులో ఫొటో తీసి ఉంచుకుంటే ఆ గడి నింపడానికి అరనిమిషం చాలు.