పెద్ద తెరా, చేతి ట్యాబా, మెడలో మైకా: వెనకబడే పిలకాయలకు ఏది మేలు?

ఆంధ్రప్రదేశ్‌లో తమిళనాడు అంచున, నగరి వైపు ఒక హైస్కూలు. ఏడో తరగతి గదిలో నలభై మంది పిలకాయలు. వాళ్లలో ఒకరికి చూపు తక్కువ, ఒకరికి చెవి మిషన్ ఉంది. ఇంట్లో తమిళం మాట్లాడేవాళ్లు ఏడెనిమిది మంది. ఇంకా కూడబలుక్కుని చదివేవాళ్లు కూడా అంతకు తగ్గరు. గోడకు ఐఎఫ్‌పీ ప్యానెల్ (వేలితో తాకి నడిపే పెద్ద డిజిటల్ తెర) ఉంది, బీరువాలో నాలుగైదు ట్యాబులున్నాయి. దాత ఎవరో ఇరవై వేలు ఇచ్చారనుకుందాం. హెచ్ఎం ఆ డబ్బు దేని మీద పెట్టాలి?

స్టాఫ్ రూంలో అడిగితే ఇంకో రెండు ట్యాబులు కొందామనే మాటే ఎక్కువగా వస్తుంది. మా లెక్క వేరు. ముందు మైకు, తర్వాత ఉన్న ప్యానెల్‌ను ఒద్దికగా వాడుకోవడం, ఆపైనే ట్యాబు. ఆ ట్యాబు కూడా అందరికీ కాదు.

మైకు ముందెందుకంటే, అది గదిలో అందరికీ ఒకేసారి పనికొస్తుంది. అయ్యవారు కాస్త గొంతు పెంచి చెబితే మీటరు దూరంలో 65 డెసిబెళ్ల (సౌండు కొలత) దాకా వినిపిస్తుంది. దూరం రెట్టింపైన ప్రతిసారీ సుమారు 6 డెసిబెళ్లు తగ్గుతుంది. చివరి బెంచీ దగ్గరికి వచ్చేసరికి ఆ గొంతుకూ పైన తిరిగే ఫ్యాన్ల రొదకూ పెద్ద తేడా ఉండదు. మామూలు చెవి ఎలాగో సర్దుకుంటుంది. చెవి మిషన్ పెట్టుకున్న బిడ్డకు మాత్రం చుట్టూ ఉన్న రొద కంటే గొంతు 15 డెసిబెళ్లైనా ఎక్కువుండాలి. జలుబుతో చెవి దిబ్బడ వేసిన పిల్లలు, ఇంట్లో వేరే భాష మాట్లాడే పిల్లలు కూడా ఇక్కడే దెబ్బతింటారు. సగం వినిపించిన మాటను పూరించుకోవాలంటే ముందు ఆ భాష బాగా వచ్చి ఉండాలి కదా.

చేతిలో పట్టుకెళ్లే స్పీకరు, మైకు కలిపి మూడు నాలుగు వేలల్లో దొరుకుతాయి. కొనేటప్పుడు కాలర్ మైకు కాకుండా తలకు తగిలించుకునే హెడ్‌సెట్ మైకు అడగండి. కాలర్ మైకు గడ్డానికి జానెడు కిందనే ఉండాలి. చీర కట్టుకున్న టీచరుకు ఆ చోట పమిట, గొలుసు రాసుకుని గరగరలాడుతుంది. రెండు రోజులు చూసి విసుగెత్తి మైకు పక్కన పడేస్తారు. స్పీకరును బల్ల మీద టీచరు ముందు పెట్టకూడదు. పక్క గోడ మధ్యలో, కూర్చున్న పిల్లల చెవి ఎత్తులో పెడితే వెనక బెంచీలకు చక్కగా అందుతుంది. మైకు స్పీకరుకు ఎదురుగా వస్తే కీచుమంటుంది. అప్పుడు సౌండు తగ్గించడం కంటే ఒక అడుగు పక్కకు జరగడం మేలు. పిల్లలు జవాబు చెప్పేటప్పుడు మైకు వాళ్ల దగ్గర ఉండదు కాబట్టి ఆ జవాబును టీచరు మళ్లీ చెప్పాలి. చాలా తరగతుల్లో జారిపోయే పని ఇదే.

స్పీకరు ఉంది కదా, చెవి మిషన్ బిడ్డకు ఇక కొదవ లేదనుకోకూడదు. రేకుల కప్పు, బోసి గోడలున్న గదిలో ప్రతిధ్వనిని కూడా స్పీకరు పెంచుతుంది. ఆ బిడ్డకు అసలైన సాయం టీచరు మైకు నుంచి నేరుగా చెవి మిషన్‌లోకి మాట పంపే వైర్‌లెస్ పరికరం. దాని ధర దాత ఇచ్చిన డబ్బుకు అందదు, అందరి మిషన్లకూ అది కుదరదు కూడా. అందుకే మండలంలో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ఉన్న భవిత కేంద్రానికి వెళ్లి, అక్కడి ఐఈఆర్‌పీ టీచరు (ఆ పిల్లల చదువు చూసే టీచరు) ద్వారా, ప్రభుత్వ బడుల పథకమైన సమగ్ర శిక్ష పెట్టే వైద్య శిబిరంలో పేరు రాయించాలి. దివ్యాంగుల సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు), ఆధార్, ఫొటోలు ముందే సిద్ధం చేసుకుంటే శిబిరం నాడు వెనక్కి తిరిగి రావాల్సిన పని ఉండదు. దివ్యాంగుల హక్కుల చట్టం 2016 ప్రకారం ఆ బిడ్డ అవసరానికి తగ్గ ఏర్పాటు చేయడం బడి బాధ్యత. కాబట్టి దీన్ని దానంగా అడగాల్సిన పని లేదు.

ఇక ప్యానెల్. 65 అంగుళాల ప్యానెల్ అంటే వెడల్పు సుమారు 143 సెంటీమీటర్లు, ఎత్తు 80. అక్షరం ఎత్తు, చూసే దూరంలో రెండు వందలో వంతైనా ఉండాలన్నది ఒక మోటు లెక్క. ఆరు మీటర్ల అవతల కూర్చున్నవాడికి మూడు సెంటీమీటర్ల అక్షరం కావాలి. ఇంగ్లీషుకు అది సరిపోతుంది. తెలుగులో కింద ఒత్తు, పైన గుడి, తలకట్టు ఉంటాయి. ‘క్ష్మి’ అనే ఒక్క అక్షరానికే ఎంత ఎత్తు కావాలో చూడండి. అందుకని తెర మీద ఏడెనిమిది వరసలకు మించి తెలుగు ఉండకూడదు. పాఠ్యపుస్తకం పేజీని ఉన్నదున్నట్టు తెర మీద వేస్తే ముందు రెండు బెంచీలకే పాఠం అందుతుంది. పేజీని రెండు వేళ్లతో పెద్దది చేసి, ఒక్కో పేరానే చూపించండి.

కిటికీ ఎదురు గోడకు ఉన్న ప్యానెల్ ఉదయం పూట అద్దంలా మెరుస్తుంది. తెర కనపడాలని తలుపులన్నీ మూస్తే టీచరు మొహం చీకట్లో పడుతుంది, పెదాల కదలిక చూసి అర్థం చేసుకునే బిడ్డకు పాఠం అక్కడే ఆగుతుంది. ఎండ వచ్చే ఒక్క కిటికీకి ముదురు రంగు గుడ్డ కట్టి మిగతావి తెరిచి ఉంచడమే దారి. ప్యానెల్ మీద రాస్తూ మాట్లాడటం కూడా అలాంటి తప్పే. రాయండి, తిరగండి, అప్పుడు చెప్పండి. చక్రాల కుర్చీలో కూర్చున్న బిడ్డకు తెర పై సగం అందదు. తెరను సగానికి కిందికి దించే బటన్ చాలా ప్యానెళ్లలో ఉంటుంది, దాన్ని వెతికి పెట్టుకోండి.

ప్యానెల్ చేయలేని పనొకటి ఉంది. నలభై మంది కలిసి చదువుతుంటే చదవలేనివాడు ఆ గోలలో పెదాలాడించి తప్పించుకుంటాడు. వాడు ఏ గుణింతం దగ్గర ఆగాడో తెలియాలంటే ట్యాబు, ఇయర్‌ఫోను, పక్కన ఐదు నిమిషాలు కూర్చునే మనిషి కావాలి.

ట్యాబు అందరికీ ఇవ్వడం రాష్ట్రం చూడని విషయమేమీ కాదు. 2022 డిసెంబరులో ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు పంచారు. అయితే ఇంటికెళ్లిన ట్యాబు ఎవరి చేతిలో ఉంటుందన్నది ఆ ఇంటిని బట్టి ఉంటుంది. అక్క పేరు మీద వచ్చింది తమ్ముడి ఆటకు పోవడం ఎవరికీ కొత్త కాదు. అందుకే మూడు నాలుగు ట్యాబులు బడిలోనే ఉంచి, ఎవరికి ఏ పీరియడ్‌లో కావాలో కాగితం మీద రాసి పెట్టడం మేలంటాం.

చూపు తక్కువున్న బిడ్డకు ట్యాబును మించింది లేదు. ప్యానెల్ మీదున్నదే తన ట్యాబులో తెరిచి, జానెడు దూరంలో పెట్టుకుని, నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు పెద్దవిగా చూసుకోవచ్చు. చూపు అసలు లేని బిడ్డకు తెర మీదున్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ కావాలి. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీకి వెళ్లి ఆన్ చేయాలి. అంతకుముందే వైఫై ఉన్నచోట సెట్టింగ్స్‌లోని టెక్స్ట్ టు స్పీచ్‌లో తెలుగు గొంతును డౌన్‌లోడ్ చేసి, వేగం కాస్త తగ్గించి ఉంచాలి. టాక్‌బ్యాక్ పొరపాటున ఆన్ అయితే ఒక్కసారి తాకితే ఏదీ తెరుచుకోదు, రెండుసార్లు తట్టాలి. ఆ సంగతి తెలియక ట్యాబు చెడిపోయిందని బీరువాలో పెట్టేస్తుంటారు. సౌండు బటన్లు రెండూ కలిపి మూడు సెకన్లు నొక్కితే చాలా ట్యాబుల్లో టాక్‌బ్యాక్ ఆగిపోతుంది.

అందరినీ ముంచే చిక్కు వేరొకటి ఉంది. తెలుగు పుస్తకాల పీడీఎఫ్‌లు చాలావరకు డీటీపీ వాళ్లు వాడే పాత అను ఫాంట్లలో కంపోజ్ చేసినవే. కంటికి చక్కటి తెలుగు కనిపిస్తుంది, లోపల ఉండేవి మాత్రం ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. టాక్‌బ్యాక్ వాటిని చదివితే పిచ్చి కూతలు వినిపిస్తాయి. పరీక్ష సులువు: పీడీఎఫ్‌లో ఒక వాక్యం కాపీ చేసి వాట్సాప్‌లో అతికించండి. తెలుగే వస్తే యూనికోడ్ (ఏ ఫోనైనా తెలుగుగానే గుర్తుపట్టే అక్షరాలు), గజిబిజి వస్తే అను లాంటి పాత ఫాంటు కావచ్చు. గజిబిజి వస్తే పేజీని ఫొటో తీసి గూగుల్ లెన్స్‌తో అక్షరాలుగా మార్చి, యూనికోడ్‌లో దాచుకోవాలి. తెలుగు, ఇంగ్లీషు ఎదురెదురు పేజీల్లో ఉన్న పుస్తకమైతే ఒక్కో పేజీని విడిగా తీయాలి, లేకపోతే వరసలు కలిసిపోతాయి. ఒత్తులు, అంకెలు, సూత్రాలు తప్పు పడతాయి కాబట్టి ఒకరు సరిచూడాలి. పాఠానికి అరగంట పడుతుంది. ఒకసారి చేస్తే ఆ సిలబస్ ఉన్నన్నాళ్లూ జిల్లా అంతా పంచుకోవచ్చు.

నగరి, కుప్పం, సత్యవేడు వైపు తమిళం మాట్లాడే పిల్లలకు ప్రభుత్వ పాఠాలుండే దీక్షా యాప్‌లో బోర్డు తమిళనాడు, మీడియం తమిళం పెట్టి అదే అంశం మీద వీడియో ఉంటే పాఠానికి ముందు రోజు చూపించండి. కిరణజన్య సంయోగక్రియ ఏమిటో తెలిశాక దానికి తెలుగులో ఏమంటారో పట్టుకోవడం తేలిక. అయితే ముందే డౌన్‌లోడ్ చేసి ఉంచాలి, పీరియడ్ మధ్యలో నెట్ కోసం ఎదురుచూడకూడదు.

కరెంటు సంగతి కూడా చూసుకోవాలి. ప్యానెల్ సుమారు 150 నుంచి 200 వాట్లు తింటుంది. 150 ఏహెచ్ బ్యాటరీ ఉన్న ఇంటి ఇన్వర్టరు మంచి స్థితిలో ఉంటే నాలుగైదు గంటలు లాగుతుంది. స్పీకరు, ట్యాబులు రాత్రి చార్జింగ్‌తో రోజంతా నడుస్తాయి. కరెంటు పోయిన పూట తరగతిని కాపాడేది అవే.

ఒంటిపూట బడుల రోజుల్లో ట్యాబులను ఎండ పడే కిటికీ దగ్గర చార్జింగ్‌కు పెట్టకండి. వేసవి సెలవులకు పూర్తిగా ఖాళీ చేసి బీరువాలో పెడితే జూన్‌లో కొన్ని లేవనే లేవవు. సగం చార్జ్ ఉంచి ఆపేసి, మే నెల మధ్యలో ఒకసారి చూసే పని ఎవరిదో ఏప్రిల్‌లోనే రాసి పెట్టుకోవాలి.