పదివేలు ఎక్కువైనా డిస్క్ ఉన్న పీఎస్5నే ఎందుకు కొన్నాను

2024 దసరా సెలవులకు మా ఇంటికి పీఎస్5 స్లిమ్ వచ్చింది, అంటే సోనీ వాళ్ల ప్లేస్టేషన్ 5 గేమ్ కన్సోల్‌లో సన్నటి మోడల్. ఆ ఏడాది ఏప్రిల్‌లో మన దేశంలో విడుదలైనప్పుడు డిస్క్ డ్రైవ్ ఉన్న మోడల్ ధర 54,990 రూపాయలు, డ్రైవ్ లేని డిజిటల్ మోడల్ 44,990. "ఆట అదే, బొమ్మ అదే. ఆ పదివేలు ఎందుకు?" అని మా వారు అడిగారు. షాపులో నిలబడి ఆయనకు సరిగ్గా చెప్పలేకపోయాను. వాడి చూశాను కాబట్టి ఇప్పుడు చెబుతున్నాను.

దీనికి ముందు మా తమ్ముడికి ఇంకో కన్సోల్ ఉండేది. ఆ కంపెనీ పేరు ఇక్కడ రాయను. నాలుగేళ్లలో వాడు పద్నాలుగు గేములు కొన్నాడు, అన్నీ డౌన్‌లోడ్లే. ఉద్యోగం మారి ఖమ్మం వెళ్లాక పాత సిమ్ పోయింది. అకౌంట్ తెరవాలంటే కోడ్ ఆ నంబరుకే వస్తుంది. కస్టమర్ కేర్‌ను అడిగితే మొదట వాడిన కన్సోల్ సీరియల్ నంబర్ చెప్పమన్నారు. దాన్ని అప్పటికే అమ్మేశాడు. బ్యాంకు స్టేట్‌మెంట్లు పంపాడు, రసీదుల ఈమెయిళ్లు పంపాడు. నెలన్నర తర్వాత "అకౌంట్ మీదేనని నిర్ధారించలేకపోతున్నాం" అని ఒక్క లైను జవాబు వచ్చింది. పద్నాలుగు గేములూ అక్కడితో పోయాయి. ఫోనులో వాడి గొంతు విన్నాక డ్రైవ్ లేనిది కొనకూడదనుకున్నాను.

చిన్నప్పుడు మేమిద్దరం టీవీకి తగిలించే వీడియో గేములు ఆడుకున్నవాళ్లం. వీధిలో ఎవరింట్లో కొత్త క్యాసెట్ కొన్నా అది అందరిళ్లకూ తిరిగేది. ఈ డిస్కుల్లో నాకు నచ్చేదీ అదే.

ఇక కన్సోల్ సంగతి. డిస్క్ పెట్టగానే ఆట అందులోంచే నేరుగా నడవదు. ముందు కన్సోల్ లోపలి స్టోరేజీ అయిన ఎస్‌ఎస్‌డీలోకి కాపీ అవుతుంది, స్లిమ్‌లో అది 1 టీబీ. ఆ తర్వాత ఆడుతున్నంతసేపూ డిస్క్ డ్రైవ్‌లోనే ఉండాలి. ఆట మీ దగ్గర ఉందనడానికి తాళంచెవి అదే. అకౌంట్‌తో సంబంధం లేదు, డిస్క్ ఎవరి చేతిలో ఉంటే ఆట వారిది. పీఎస్4 డిస్కులూ దాదాపు అన్నీ పనిచేస్తాయి, కాబట్టి పాతవి పారేయకండి. ఒక జాగ్రత్త: డిజిటల్ మోడల్ కొని తర్వాత డ్రైవ్ విడిగా తెచ్చి బిగించుకోవాలనుకుంటే, దాన్ని కన్సోల్‌తో జత చేయడానికి ఇంటర్నెట్ కావాలి.

స్పైడర్-మ్యాన్ 2 గేము కొత్తది 4,999 అయితే, సెకండ్ హ్యాండ్‌లో 2,200కి తీసుకున్నాను. మా అబ్బాయి మూడు వారాల్లో ముగించాడు. ఖమ్మం నుంచి మేనల్లుడి ఫోను: "అత్తా, డిస్క్ పంపవా?" ఇప్పుడు వాళ్లింట్లోనూ పీఎస్5 ఉంది కానీ ఇంటర్నెట్ మొబైల్ హాట్‌స్పాట్ మీదే. అంత పెద్ద గేము దాని మీద దింపాలంటే ఎన్ని రోజులు పడుతుందో! కేసు చుట్టూ పాత టవల్ చుట్టి, అట్టపెట్టెలో పెట్టి ఆర్టీసీ కార్గోలో వేశాను. మర్నాడు సాయంత్రానికి వాడు ఆడుతున్నాడు. డిజిటల్‌గా కొని ఉంటే ఇది ఇంత తేలిగ్గా కుదిరేది కాదు. వేరే ఇంట్లో ఆడుకోవాలంటే నా అకౌంట్ వాళ్ల కన్సోల్‌లో పెట్టాలి, నా గేములను ఆ కన్సోల్‌లో మిగతావాళ్లూ ఆడుకోనిచ్చే ఆఫ్‌లైన్ షేరింగ్‌ను ఒక అకౌంట్‌కు ఒక్క పీఎస్5లోనే ఆన్ చేసుకోగలం. వాళ్లకు ఇస్తే మా ఇంట్లో ఆ షేరింగ్ ఆగిపోతుంది.

2013లో తన కొత్త కన్సోల్ ఎక్స్‌బాక్స్ వన్ 24 గంటలకు ఒకసారి ఇంటర్నెట్‌కు కలవాలనీ, డిస్కుల మారుబేరానికి షరతులుంటాయనీ మైక్రోసాఫ్ట్ చెప్పింది. జనం ఊరుకోలేదు. జూన్ 19న ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకుంది. అదే సమయంలో పీఎస్4లో గేము ఎలా పంచుకోవాలో చూపిస్తూ సోనీ ఓ చిన్న వీడియో పెట్టింది. అందులో అప్పటి సోనీ గేమ్ స్టూడియోల అధిపతి షుహే యోషిదా డిస్క్‌ను పక్కనున్నాయన చేతికి ఇస్తాడు, ఆయన థాంక్స్ అంటాడు, అంతే! ఆ వీడియోను తమ్ముడు, నేను ఎన్నిసార్లు చూశామో.

అయితే డిస్క్ ఉంటే చాలని నమ్మకండి, ఇది గట్టిగా చెబుతున్నాను. 2022లో వచ్చిన కాల్ ఆఫ్ డ్యూటీ మోడర్న్ వార్‌ఫేర్ 2 పీఎస్5 డిస్కులో ఉన్నది దాదాపు 70 ఎంబీ మాత్రమే, మిగతాదంతా డౌన్‌లోడ్. గ్రాన్ టురిస్మో 7 అయితే ఒంటరిగా ఆడే భాగాల్లో చాలావాటికి కూడా ఇంటర్నెట్ ద్వారా కంపెనీ సర్వర్‌కు కలవాలి. 2022 మార్చిలో ఓ అప్‌డేట్ తర్వాత ఆ సర్వర్లు 30 గంటలకు పైగా ఆగిపోయాయి. డిస్క్ కొన్నవాళ్లు కూడా ఆటలో చాలాభాగం ఆడలేకపోయారు. అన్నిటికంటే నాకు కష్టమనిపించింది ది క్రూ సంగతి. 2014లో వచ్చిన ఆ కార్ల గేము ఇంటర్నెట్ లేకుండా నడవదు; దాని సర్వర్లను యూబీసాఫ్ట్ కంపెనీ 2024 మార్చి 31న ఆపేసింది. డబ్బు పెట్టి కొన్నవాళ్ల షెల్ఫుల్లో డిస్కులున్నాయి, ఆట లేదు. అందుకే కొనే ముందు కేసు మీద ఇంటర్నెట్ తప్పనిసరి అని ఉందేమో చదవండి. ఉంటే ఆ గేముకు పూర్తి ధర పెట్టకండి.

డిజిటల్ సేల్స్‌లో ధరలు బాగా తగ్గుతాయి, కాదనను. చిన్న గేములు నేనూ అలాగే కొంటాను. కానీ పెద్దవి, ఇంట్లో దాచుకోవాలనిపించేవి అలా కొనను. ఆన్‌లైన్ గేము స్టోర్లు మూతపడటం చూశాం కదా. నింటెండో కంపెనీ పాత మెషీన్లు 3డీఎస్, వీ యూ స్టోర్లలో 2023 మార్చి 27 తర్వాత కొనుగోళ్లు ఆగిపోయాయి. ఎక్స్‌బాక్స్ 360 స్టోర్ 2024 జూలై 29న మూసేశారు. అక్కడ డిజిటల్‌గా మాత్రమే దొరికిన గేములను ఇక ఆ మెషీన్ల మీద కొత్తగా కొనే దారి లేదు. కాలిఫోర్నియాలో 2025 నుంచి అమలైన చట్టం ప్రకారం, ఇచ్చేది లైసెన్స్ మాత్రమేనని స్పష్టంగా చెప్పకుండా డిజిటల్ గేముల పక్కన "కొనండి" అని రాయకూడదు. మన దగ్గరా అలా రాస్తే ఎంత బాగుంటుంది! బటన్ దగ్గర లైసెన్స్ మాత్రమేనని ఉండి ఉంటే తమ్ముడు పద్నాలుగు కొనేవాడు కాదేమో.

2024 నవంబరులో వచ్చిన పీఎస్5 ప్రోను డ్రైవ్ లేకుండానే అమ్మారు, కావాలంటే విడిగా కొనుక్కోవాలి. అది నాకు నచ్చలేదు, ముందు ముందు డిస్కులే ఉండవేమోనని భయంగానూ ఉంది.

ఈ స్లిమ్‌కు ఐదుకు నాలుగున్నర ఇస్తాను. డిస్క్ కాపీ అవుతున్నప్పుడు చప్పుడు వస్తుంది, ఆ అర మార్కు దానికే. సెకండ్ హ్యాండ్ డిస్కులు కొనేవాళ్లు వెనక్కి తిప్పి, లైటు కింద పెట్టి గీతలు చూడండి. లోపలుండే అదనపు కంటెంట్ కోడ్ కాగితాన్ని లెక్కలోకి తీసుకోకండి, అది ఒక్కసారే పనిచేస్తుంది. మొదటివాళ్లు వాడేసే ఉంటారు.