యాక్టివ్ బాస్‌కి ఫజ్ పెడల్: ఏది ఇముడుతుంది, ఏది తిరగబడుతుంది

గిటార్ వాళ్లు మెచ్చిన ఫజ్ పెడల్ (శబ్దాన్ని కావాలనే పగలగొట్టే, కాలితో నొక్కే పెట్టె) తెచ్చి యాక్టివ్ బాస్ గిటార్‌కి తగిలిస్తే తరచుగా జరిగేది ఒకటే. అడుగు స్వరం మాయమై పైన కందిరీగల రొద మిగులుతుంది. పెడల్‌లో లోపం ఉండదు, బాస్‌లోనూ ఉండదు. రెండింటికీ జత కుదరలేదంతే.

యాక్టివ్ బాస్‌లో 9 వోల్టుల బ్యాటరీతో (కొన్నింట్లో రెండు బ్యాటరీలతో 18) నడిచే ప్రీయాంప్ (సిగ్నల్‌ని పెంచే చిన్న సర్క్యూట్) ఉంటుంది. అందువల్ల బయటికొచ్చే సిగ్నల్ బలంగా ఉంటుంది, అవుట్‌పుట్ ఇంపిడెన్స్ (సిగ్నల్‌కి ఎదురయ్యే అడ్డు) బాగా తక్కువగా ఉంటుంది. పొడవాటి కేబుల్‌కీ మిక్సర్‌కీ ఇది వరమే. కొన్ని ఫజ్ పెడళ్లకు మాత్రం ఇదే గండం.

ముందుగా ఫజ్ ఫేస్ సంగతి. 1966లో లండన్‌లో ఆర్బిటర్ కంపెనీ తెచ్చిన ఈ గుండ్రటి పెడల్‌లో ఉన్నవి రెండే ట్రాన్సిస్టర్లు. దీని ఇన్‌పుట్ ఇంపిడెన్స్ కొన్ని కిలో ఓమ్‌లు మాత్రమే కాబట్టి, పాసివ్ పికప్ (తీగల కదలికని సిగ్నల్‌గా మార్చే, ప్రీయాంప్ లేని భాగం) తీగచుట్ట కూడా సర్క్యూట్‌లో ఒక భాగంలా పనిచేస్తుంది. వాల్యూమ్ తగ్గించగానే శబ్దం తేటపడటం, పైస్వరాలు మెత్తబడటం ఆ పొత్తు వల్లే. పికప్‌కీ పెడల్‌కీ నడుమ ప్రీయాంప్ దూరితే ఆ పొత్తు తెగిపోతుంది. వాల్యూమ్ నాబ్ తిప్పినా తేటదనం సరిగా రాదు, పైభాగం గీరుకుపోతుంది. ఇదే సర్క్యూట్ మీద అల్లిన చిన్న కంపెనీల పెడళ్లన్నింటికీ ఈ మాట వర్తిస్తుంది. పెట్టె మీద బాస్ అని రాసి ఉన్నా సరే.

అయినా అదే కావాలనుకుంటే మందు ఉంది. ఇన్‌పుట్ జాక్ తర్వాత సిగ్నల్ దారిలో 50 కిలో ఓమ్‌ల పాట్‌ని (పొటెన్షియోమీటర్‌ని) రెండు కాళ్లతోనే, అంటే మారే రెసిస్టర్‌గా కలిపి, 10 కిలో ఓమ్‌ల దగ్గర మొదలుపెట్టి చెవికి నచ్చేదాకా పెంచాలి. గీరుడు తగ్గుతుంది, వాల్యూమ్ నాబ్‌కి కొంత పట్టు తిరిగొస్తుంది. పికప్ తీగచుట్టకి సహజంగా ఉండే ఇండక్టెన్స్ మాత్రం రెసిస్టర్‌తో రాదు, కాబట్టి బాస్ మీద ట్రెబుల్ కాస్త తగ్గించుకోవాలి. బాస్‌కి యాక్టివ్-పాసివ్ స్విచ్ ఉంటే ఈ తంటా అక్కర్లేదు, పాసివ్‌కి మార్చితే సరి. 1976లో మొదలైన స్టింగ్‌రే బాస్ లాంటి వాటికి ఆ స్విచ్ లేదు.

జెర్మేనియం ట్రాన్సిస్టర్లున్న ఫజ్ ఫేస్‌కి మన దగ్గర ఇంకో చిక్కు. వేడెక్కే కొద్దీ జెర్మేనియం ట్రాన్సిస్టర్‌లో లీకేజీ కరెంట్ పెరిగి బయాస్ (ట్రాన్సిస్టర్ పనిచేయాల్సిన వోల్టేజీ స్థానం) జరిగిపోతుంది. మే నెలలో విజయవాడలో, ఎండలో వేసిన స్టేజీ మీద మధ్యాహ్నం సౌండ్ చెక్‌లో స్వరం తెగి తెగి రావడానికి అది చాలు. పైగా వీటిలో చాలావాటికి పాజిటివ్ గ్రౌండ్ (సప్లైలో ప్లస్ వైపు గ్రౌండ్‌కి కలవడం) ఉంటుంది. మిగతా పెడళ్లతో కలిపి ఒకే డైసీ చెయిన్ (ఒక అడాప్టర్ నుంచి అన్నింటికీ కరెంట్ పంచే తీగ) మీద పెడితే సప్లై షార్ట్ అవుతుంది. బాస్‌కి సిలికాన్ ట్రాన్సిస్టర్లున్నదే మేలు.

ఇంకో ఫజ్ అయిన బిగ్ మఫ్ తరహాతో ఇంపిడెన్స్ గొడవ లేదు. ఇన్‌పుట్‌లోనే దాదాపు 40 కిలో ఓమ్‌ల రెసిస్టర్ వరసలో ఉండటంతో ముందున్నది ప్రీయాంపా, పికప్పా అన్నది దానికి పెద్దగా పట్టదు. పట్టేది సిగ్నల్ బలం. వేడి (మరీ బలమైన) సిగ్నల్ ఇస్తే మొదటి దశలోనే నలిగిపోయి, సస్టెయిన్ (ఫజ్ మోతాదు) నాబ్ పావు వంతు దాటాక తిప్పినా తిప్పకపోయినా ఒకటే అవుతుంది. రెండో ఇబ్బంది దాని టోన్ సర్క్యూట్‌లో 1 కిలోహెర్ట్జ్ పరిసరాల్లో ఉండే గొయ్యి. గదిలో ఒంటరిగా వాయిస్తే కొండంత శబ్దం, డ్రమ్స్, రెండు గిటార్లు తోడైతే బాస్ ఎక్కడుందో వెతుక్కోవాలి.

ఎలక్ట్రో హార్మోనిక్స్ డీలక్స్ బాస్ బిగ్ మఫ్ ఈ రెండింటికీ జవాబు చెబుతుంది కాబట్టే యాక్టివ్ బాస్‌కి మా మొదటి ఓటు దానికి. ఇన్‌పుట్ దగ్గర 10 డెసిబెల్స్ తగ్గించే స్విచ్ ఉంది. అది యాక్టివ్ బాస్‌ల కోసమే పెట్టారు, వాడండి. బ్లెండ్ నాబ్‌తో శుద్ధమైన (ఫజ్ తగలని) సిగ్నల్ ఎంత కావాలంటే అంత కలుస్తుంది. క్రాసోవర్‌లో (పైస్వరాల్నీ కిందిస్వరాల్నీ విడదీసే చోట) శుద్ధ సిగ్నల్‌కి పైభాగం కోసే ఫిల్టర్, ఫజ్‌కి కిందిభాగం కోసే ఫిల్టర్ విడివిడిగా ఉన్నాయి. ఇక్కడే చాలామంది జారిపడతారు. శుద్ధ సిగ్నల్‌ని మరీ కిందికి, ఫజ్‌ని మరీ పైకి నెడితే నడుమ ఉన్న మిడ్స్ (మధ్య స్వరాలు) రెండింట్లోనూ లేకుండా పోతాయి. రెండు హద్దులూ కొంచెం ఒకదాని మీదికి ఒకటి రావాలి. సస్టెయిన్ గడియారంలో పది గంటల ముల్లు ఉండే దగ్గర, బ్లెండ్ సగం దాటించి మొదలుపెడితే దారిలో పడుతుంది. గేట్‌ని (రొదని ఆపే నాబ్‌ని) తీగల మీద చెయ్యి ఆనించి రొద ఆగేంత వరకే తిప్పాలి. ఇంకా పెంచితే స్వరం తోక తెగుతుంది. మామూలు బాస్ బిగ్ మఫ్‌లో ఉన్నది మూడు స్థానాల స్విచ్చే. డ్రై స్థానంలో శుద్ధ సిగ్నల్ కలుస్తుంది కానీ ఎంత కలవాలో మార్చలేం, అది చాలనుకుంటే డబ్బు మిగుల్తుంది.

తక్కువ ఖర్చులో బెహ్రింగర్ సూపర్ ఫజ్ ఎస్‌ఎఫ్300ని తీసిపారేయలేం. ప్లాస్టిక్ డొక్కు, తొక్కితే భయమేస్తుంది. లోపలి సర్క్యూట్ మాత్రం బాస్ ఎఫ్‌జెడ్-2ని అనుసరించింది (ఇది మన వాయిద్యం బాస్ కాదు, జపాన్ కంపెనీ బాస్). విడి బాస్, ట్రెబుల్ నాబ్‌లు ఉండటంతో అడుగు నిలుస్తుంది. పై ఆక్టేవ్ తోడుగా పలుకుతుంది కాబట్టి ఒక్కో స్వరం వాయిస్తే గంభీరం, రెండు తీగలు కలిపి మీటితే గందరగోళం. రెండో ఫజ్ మోడ్ మిడ్స్‌ని తవ్వేస్తుంది, బ్యాండ్‌లో మొదటి మోడే నయం. బ్లెండ్ లేకపోవడమే లోటు.

ఆ లోటుకి బాస్ ఎల్‌ఎస్-2 లైన్ సెలెక్టర్‌లో ఎ, బి రెండూ కలిసే మోడ్ వాడతారు. ఒక లూప్‌లో (సిగ్నల్‌ని బయటికి పంపి తిరిగి తెచ్చే దారిలో) ఫజ్, రెండోదాన్ని పొట్టి కేబుల్‌తో మూసేయడం. అంతా బాగానే ఉండి కలపగానే బాస్ పీలగా అయిపోతే, ఆ ఫజ్ సిగ్నల్‌ని తలకిందులు చేస్తోందని అర్థం. ఎల్‌ఎస్-2లో దాన్ని తిప్పే స్విచ్ లేదు, జోటిక్ ఎక్స్-బ్లెండర్‌లో ఉంది. విడి బ్లెండర్ కొనాల్సొస్తే ఈ ఒక్క స్విచ్ కోసం ఎక్కువ పెట్టినా తప్పులేదు.

ఫిన్లండ్ డార్క్‌గ్లాస్ వాళ్ల డ్యుయాలిటీలో రెండు వేర్వేరు ఫజ్ సర్క్యూట్లున్నాయి, డ్యుయాలిటీ నాబ్ ఒకదాన్నుంచి ఇంకోదానికి జరుపుతుంది. బ్లెండ్, ఫిల్టర్ రెండూ ఉన్నాయి. పైస్వరాల గీరుడుని ఫిల్టర్‌తో అదుపు చేసుకోవచ్చు కాబట్టి యాంప్ లేకుండా వాయించేవాళ్లకి ఇది సుఖం. ఎమ్ఎక్స్ఆర్ బాస్ ఫజ్ డీలక్స్‌లో డ్రై (శుద్ధ సిగ్నల్), వెట్ (ఫజ్)లకి వేరువేరు నాబ్‌లు. ఫజ్ ఎంత పెంచినా అడుగు కదలకూడదనుకునేవాళ్లకి ఒక్క బ్లెండ్ నాబ్‌కన్నా ఈ పద్ధతే వీలు.

ఇప్పటికే చేతిలో ఉన్న పెడల్ వేడి సిగ్నల్‌కి తట్టుకోలేకపోతుంటే కొత్తది కొనక్కర్లేదు. చిన్న రేకు డబ్బాలో రెండు జాక్‌లు, వాటి నడుమ వరసలో 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్, అవుట్‌పుట్ నుంచి గ్రౌండ్‌కి 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్ అతికిస్తే దాదాపు 10 డెసిబెల్స్ తగ్గుతుంది. యాక్టివ్ బాస్‌కే ఇది పనికొస్తుంది. పాసివ్ పికప్ తర్వాత పెడితే శబ్దం మూగబోతుంది.

చర్చిల్లో, రిసెప్షన్ ఆర్కెస్ట్రాల్లో బాస్‌ని నేరుగా మిక్సర్‌కే ఇస్తారు. బాస్ క్యాబినెట్ స్పీకర్ 4-5 కిలోహెర్ట్జ్ పైన తనంతట తానే తగ్గిపోతుంది, హాల్లో జనానికి వినిపించే పీఏ స్పీకర్ తగ్గదు. అందుకే గదిలో తియ్యగా వినిపించిన ఫజ్ హాల్లో చెవులు కోస్తుంది. మిక్సర్ ఛానెల్‌లో అక్కడినుంచి పైన కోసేయమని చెప్పాలి. డీఐ బాక్స్ (బాస్ సిగ్నల్‌ని మిక్సర్‌కి పంపే పెట్టె) పెడల్ తర్వాతే ఉండాలి. ముందు పెడితే మీకు ఫజ్, జనానికి మామూలు బాస్.

దుకాణంలో పరీక్షకి సొంత బాస్ పట్టుకెళ్లండి, చిన్న గిటార్ యాంప్ వద్దనండి. ఇ తీగ 41 హెర్ట్జ్, ఐదు తీగల బాస్‌లో బి 31 హెర్ట్జ్, వాటి సంగతి ఆ స్పీకర్ చెప్పలేదు. ప్రీయాంప్ నాబ్‌లన్నీ మధ్యలో ఉంచండి. ఫజ్‌కి ముందు ప్రీయాంప్‌లో బాస్ నాబ్ పెంచితే స్వరం పగిలి బురదవుతుంది, ట్రెబుల్ పెంచితే ప్రీయాంప్ సర్రుమనే శబ్దాన్ని ఫజ్ పదింతలు చేస్తుంది. అడుగు కావాలంటే పెడల్ తర్వాత, యాంప్‌లో పెంచాలి. ఇ తీగని ఒక్కసారి మీటి పూర్తిగా చచ్చేదాకా వినండి. చివర్లో చిటపటలాడి తెగితే అది ఆ పెడల్ స్వభావం, నచ్చితేనే తీసుకోండి.

ఒకవేళ ఇంటికొచ్చాక కొన్ని వారాలకి శబ్దం గరగరలాడితే పెడల్ విప్పేముందు బాస్ బ్యాటరీని మీటర్‌తో చూడండి. 7 వోల్టుల కిందికి దిగిన బ్యాటరీతో ప్రీయాంపే పగులుతుంది, ఆ నింద ఫజ్ మీద పడుతుంది. జాక్‌లో కేబుల్ ఉన్నంతసేపూ ప్రీయాంప్ నడుస్తూనే ఉంటుంది, వాయించడం అయిపోగానే పీకేయండి.