కొత్త ఫోనా, అమ్మకి చీరా?

చేతిలో ఓ పదివేలు అదనంగా ఉంటే మనసు ముందు ఫోన్ షాపు వైపే లాగుతుంది, అందులో తప్పేం లేదు. కొన్న కొత్తలో గీత పడుతుందేమోనని తాళాలున్న జేబులో కూడా పెట్టం, నెల తిరిగేసరికి అది మామూలు ఫోన్ అయిపోతుంది, ఈలోపు పక్కవాడి చేతిలో ఇంకో మోడల్ కనిపిస్తుంది. దేనికైనా అలవాటుపడిపోవడం మనిషి నైజం. 1978లో అమెరికాలో లాటరీ గెలిచినవాళ్ల మీద వచ్చిన అధ్యయనంలోనూ, వాళ్లు మామూలు జనం కంటే చెప్పుకోదగ్గంత సంతోషంగా ఏమీ లేరని తేలింది.

అదే డబ్బు ఇంకొకరి కోసం ఖర్చుపెడితే? 2008లో ఎలిజబెత్ డన్, లారా ఆక్నిన్, మైకేల్ నార్టన్ అనే పరిశోధకులు ప్రచురించిన ప్రయోగంలో కొంతమందికి పొద్దున్నే కవర్లో 5 లేదా 20 డాలర్లు పెట్టిచ్చి, సాయంత్రం 5లోపు కొందరిని తమకోసం, కొందరిని ఇతరుల కోసం ఖర్చు చేయమన్నారు. ఇతరులకి పెట్టినవాళ్లే ఎక్కువ సంతోషంగా ఉన్నారు, మొత్తం 5 అయినా 20 అయినా పెద్ద తేడా లేదు. ఏది ఎక్కువ ఆనందమిస్తుందని వేరేవాళ్లని అడిగితే మాత్రం, చాలామంది తమకోసం ఖర్చుపెట్టుకోవడమే అన్నారు! నన్ను బాగా ఆలోచింపజేసింది ఇదే.

అయితే మొహమాటపు చదివింపులు, అప్పుచేసి ఇచ్చే కానుకలు ఈ లెక్కలోకి రావు, వాటిలో మిగిలేది టెన్షనే. ఫోన్ నిజంగా పాడైతే ఫోనే కొనండి. పాతది పనిచేస్తుంటే మాత్రం నా ఓటు చీరకే, అదీ అమ్మని షాపుకి తీసుకెళ్లి, ఆవిడకి నచ్చింది ఆవిడనే ఎంచుకోనిచ్చి.